అర్మెస్సా జనాభా

ఊరు పోయినా పదవి పోకూడదన్నది నాగరికత ఇంతవరకు కనిపెట్టిన పాలనా సూత్రాలన్నిటికీ తలమానికం. ఉదాహరణకు అర్మెస్సా. ఒకప్పుడు ఆసియా మైనర్ కొండల్లో ఉన్నికి ఎర్ర రంగు అద్దడంలో పేరుమోసిన పట్టణం. ఊరికొక చర్చి, చర్చికొక బిషప్, బిషప్‌కొక పీఠం ఉండేవి. ముందు భూకంపం వచ్చింది. తరవాత ఏరు దారి మార్చుకుంది. ఆపైన ఉన్ని కొనేవాళ్లూ దారి మార్చుకున్నారు. చివరికి జనం కూడా కొండ దిగి వెళ్లిపోయారు. పదవి మాత్రం కదల్లేదు. కాథలిక్ సంప్రదాయంలో పీఠం లేని బిషప్ ఉండకూడదు కాబట్టి, పెద్ద బిషప్ కింద పనిచేసే సహాయ బిషప్‌లకు ఇలా అంతరించిన ఊళ్ల పీఠాలు ఇస్తారు. ప్రస్తుత అర్మెస్సా బిషప్ గారు కెనడాలోని మిస్సిసాగాలో ఉంటున్నారు. (ఆయన ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. ఊరు కూడా ఆయన్ని చూడలేదు కనక ఫిర్యాదులేమీ లేవు.)

ఈ సంగతి అదే మిస్సిసాగాలో ఉండే హేమచంద్రగారి భార్య పద్మినిగారి కంట పడింది. పక్కింటివాళ్ల పెళ్లికి చర్చికి వెళ్లినప్పుడు, అక్కడి బోర్డు మీద బిషప్ గారి పేరు కింద అర్మెస్సా అని చదివి, అదెక్కడుందని అడిగారు. ఒకాయన పోర్చుగల్ అన్నాడు. ఇంకొకావిడ క్యుబెక్‌లో అనుకుంటానంది. పద్మినిగారు మందుల కంపెనీలో క్వాలిటీ విభాగం చూసి రిటైరైన మనిషి. ఎక్కడినుంచి వచ్చిందో తెలియని సరుకును గేటు దాటనివ్వకపోవడం ఆవిడ వృత్తిధర్మం. అంతే, గ్రీకు అక్షరాలు దిద్దుకుని, మూడు దేశాల లైబ్రరీలను ఉత్తరాలతో వేధించి, ఏళ్ల తరబడి కూర్చుని అర్మెస్సా చరిత్ర మొత్తం రాశారు. రాసి, 'అంతరించిన నగరాల పోర్టల్' అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తన పేరుతో పెట్టారు. లెక్కల మాస్టారుగా రిటైరైన హేమచంద్రగారు టీ, కామాలు అందించారు. టీ ఆవిడ తాగేవారు. కామాలు సగం తీసేసేవారు.

జనవరిలో పద్మినిగారు చనిపోయారు.

మార్చిలో ఆవిడకు పోర్టల్ నుంచి మెయిల్ వచ్చింది. మీరు చాలాకాలంగా లాగిన్ కాలేదు, మాకు బెంగగా ఉంది, నెలాఖరులోగా స్పందించకపోతే మీ చరిత్రను తొలగిస్తాం అని. అడిగినదానికే జవాబు రాయమని పిల్లలకు జీవితమంతా చెప్పిన హేమచంద్రగారు, ఆవిడ చనిపోయారని ఒక్క వాక్యంలో రాసి పంపారు. స్పందించినందుకు ధన్యవాదాలని వెంటనే తిరుగుటపా వచ్చింది. నెలాఖరు గండం మాత్రం అలాగే ఉంది. ఆయన ఫోన్ చేశారు.

అవతల ధ్రువీకరణ విభాగం అధికారిణి. పేరు సరోజన, ఊరు వరంగల్. ఆయన పేరు వినగానే తెలుగులోకి దిగిపోయింది.

"నమస్తే సార్. మేడంని ఒక్కసారి లైన్ మీదికి రమ్మంటరా? ఫోన్‌కి కోడ్ వస్తది, చెప్తే అయిపోతది."

"ఆవిడ పోయారమ్మా. మెయిల్‌లో రాశాను."

కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది.

"సారీ సార్. ఇప్పుడు చూసిన. మీరు మేడం ఐడీ నుంచే రాసిన్రు. చనిపోయినట్టు ఆమెనే చెప్పింది కాబట్టి సిస్టమ్ ఆమెను యాక్టివ్‌ల పెట్టింది. మరి ఇప్పుడు మీరు చెప్పిన్రు కదా, నేను తీసెయ్యాలె."

సమస్యను ఆవిడ ఓపికగా వివరించింది. పదవిలో ఒకరున్నారు కాబట్టి అర్మెస్సా యాక్టివ్. పద్మినిగారు ఇనాక్టివ్. యాక్టివ్‌గా ఉన్న ఊరి చరిత్ర ఇనాక్టివ్ మనిషి పేరు మీద ఉండటం నిబంధనలకు విరుద్ధం. దీనికి సులువైన మార్గం రచయిత పేరు మార్చడం.

"మీ పేరు మీద పెట్టేద్దాం సార్. ఒక్క క్లిక్."

"నేను కామాలు పెట్టానమ్మా. అంతే."

"ఎవరడుగుతరు సార్?"

"ఆవిడ అడిగేది."

సరోజన మళ్లీ నిబంధనలు తిరగేసింది. తరవాత, ఎవరూ వాడని నిబంధన ఒకటుందని చెప్పింది. రాసినవారు ఆ అంతరించిన ఊరి నివాసి అయితే లాగిన్ అక్కర్లేదు. (పాతకాలపు రాజులకు, మతగురువులకు కోడ్‌లు పంపి, ఎవరూ జవాబివ్వడం లేదని గమనించాక విభాగం ఈ సడలింపు ఇచ్చింది.) నివాస ధ్రువపత్రం స్థానిక అధికారి ఇవ్వాలి. అర్మెస్సాలో ప్రస్తుతం స్థానిక అధికారి ఒక్కరే.

బిషప్ గారు హేమచంద్రగారిని కూర్చోబెట్టి టీ ఇచ్చారు. పద్మినిగారు పంపిన అధ్యాయాలన్నీ చదివానన్నారు. తనకు ముందు ఆ పీఠంలో ఉన్న ఒకాయన ఊళ్లో ఉండటం లేదని జనం చక్రవర్తికి అర్జీ పెట్టుకున్న ఘట్టం దగ్గర కాస్త ఇబ్బంది పడ్డానని కూడా ఒప్పుకున్నారు. కాని అర్మెస్సా మీద తనకు ఏ అధికారమూ లేదు. భక్తులు లేరు, గుడి కప్పు లేదు, ఉన్నది పేరొక్కటే. పైగా అబద్ధం రాయలేనన్నారు. రాయమనడానికి రాలేదని హేమచంద్రగారు అన్నారు. ఆయన కూడా ఎప్పుడూ ఎవరికీ లేని మార్కులు వేసినవారు కారు.

లేచి వచ్చేస్తూ, అడక్కపోయినా ఒక మాట చెప్పారు. భోజనాల దగ్గర ఆవిడ రంగులవాళ్ల వీధిని 'మన వీధి' అనేది. భూకంపం అధ్యాయం రాసిన వారం అన్నం సరిగ్గా తినలేదు. ఎవరో పోయినట్టు ఉండేది. ఆస్పత్రిలో చివరి రోజుల్లో, అక్కడ బావి పూడిపోయింది, నీళ్లకి ఎంత దూరం వెళ్లేవాళ్లో అని అడిగింది.

బిషప్ గారు మళ్లీ కూర్చున్నారు. కాగితం తీసుకుని, తనకు తెలిసినంతలో ఇటీవలి కాలంలో అర్మెస్సాలో నివసించినది ఈవిడ ఒక్కరేనని రాసి, సంతకం పెట్టి, పీఠం ముద్ర వేశారు. (పదవి చేపట్టాక ఆయన ఆ ఊరి కోసం చేసిన మొదటి పని ఇదే.)

పోర్టల్ దాన్ని ఆమోదించింది. చరిత్ర ఉన్నచోటే ఉంది, పద్మినిగారి పేరు దాని మీదే ఉంది. పక్కన అర్మెస్సా వివరాల్లో జనాభా సున్నా నుంచి ఒకటికి పెరిగింది. ఈ దశాబ్దంలో దేశంలోని ఏ విభాగమూ ఇంత వృద్ధి చూపించలేదని సరోజన ఫోన్ చేసి చెప్పింది. ఇంకేమైనా సాయం కావాలా అని అడిగింది. ప్రతి ఫోన్ చివరా అడగమని వాళ్లకు ఆదేశం.

హేమచంద్రగారు ఒకటి కావాలన్నారు.

"నన్ను కెనడాకి స్పాన్సర్ చేసింది ఆవిడేనమ్మా. అర్మెస్సాకి కూడా స్పౌజ్ కేటగిరీ ఏమైనా ఉందా?"

"అడిగి చెప్తా సార్" అంది సరోజన.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. దరఖాస్తుదారు ప్రస్తుతం జీవించి ఉన్నందున అర్హత లేదనీ, అర్హత వచ్చిన తరవాత రెండు గుర్తింపు కార్డులతో స్వయంగా వచ్చి దరఖాస్తు చేసుకోవాలనీ.