దిగకముందే కూలిన నౌక

ఆ ఉదయం ఖగోళం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నర బస్సు పట్టుకోవాలి, పదకొండు ఇరవైకి చంద్రుడి మీద నౌక దిగుతుంటే ఆఫీసు తెర మీద కళ్ళారా చూడాలి, మరుక్షణం వార్త పెట్టాలి. అంతే.

ఖగోళం అతని అసలు పేరు కాదు. అసలు పేరు ఆఫీసులో జీతాల గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. తొమ్మిదేళ్ళుగా ఆ దినపత్రికలో ప్రతి గురువారం అంతరిక్ష విశేషాల పేజీ పెడుతున్నాడు. ఆ పేజీ అతనికి ప్రాణం, ఎడిటర్‌కు తలనొప్పి. పోయిన నెల శనిగ్రహం ఫొటో తలకిందులుగా అచ్చయితే ఎడిటర్ నిప్పులు చెరిగాడు. "శనికి తలెక్కడో కాళ్ళెక్కడో నాకు తెలీదు. ఇంకొక్క తప్పు దొర్లిందా, ఈ పేజీ తీసేసి గృహాలంకరణ పెడతాను" అని తేల్చి చెప్పేశాడు.

పత్రికల వాళ్ళకు ఒక అలవాటుంది. ఫలితం ఎటు తేలుతుందో తెలియని సంగతికి రెండు వార్తలూ ముందే రాసి ఉంచుకుంటారు. ఖగోళం కూడా ముందురోజు సాయంత్రమే రెండూ రాసి కంప్యూటర్‌లో సిద్ధంగా పెట్టాడు. నౌక దిగితే వేయాల్సింది రైళ్ళ వేళల పట్టికలా వచ్చింది. కూలితే వేయాల్సింది మాత్రం కడుపులోంచి తన్నుకొచ్చింది. "సంకేతాలు ఆగిపోయాయి. ఇన్ని నెలలు దాన్ని కంటికి రెప్పలా కాచుకున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు" అని రాస్తూ తనే రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాడు. సమయం దగ్గర మాత్రం ఖాళీ వదిలాడు.

తెర మీద తప్పులు కనబడవని రెండూ కాగితాల మీద తీసి, ఇంటికి తెచ్చుకుని దిద్దాడు. పొద్దున బస్సు హడావిడిలో ఒక కాగితం సంచిలోకి వెళ్ళింది, రెండోది భోజనాల బల్ల మీద ఉండిపోయింది. ఏది ఉండిపోయిందో చెప్పక్కర్లేదు.

అతని భార్య మందుల షాపు నడుపుతుంది. షాపుకు బయల్దేరబోతూ ఆ కాగితం చదివి కుర్చీలో కూలబడింది. మూడు నెలలుగా అన్నం దగ్గర మొగుడు ఆ నౌక గురించి తప్ప ఇంకో మాట ఎత్తలేదు, అది ఆమెకూ ఇంటి మనిషి అయిపోయింది. 'పాపం, నోటితో చెప్పలేక రాసిపెట్టి వెళ్ళారు' అనుకుంది. అతన్ని ఇంకా బాధపెట్టడం ఎందుకని ఫోను వాళ్ళన్నయ్యకు చేసింది.

"అన్నయ్యా, పోయింది."

"ఎవరే?" అన్నాడు ఆయన హడలిపోయి.

"నౌక. చంద్రుడి మీద కూలిపోయింది."

"పదకొండు ఇరవైకి కదూ దిగేది?"

"తొందరపడి ముందే దిగబోయిందేమో, నాకేం తెలుసు? ఆయన అంతా వివరంగా రాశారు. ఫొటో తీసి పంపుతున్నా, చూడు."

ఆ అన్నయ్య ఒక బడికి హెడ్మాస్టరు. నౌక దిగడం చూపించాలని అప్పటికే మూడువందల మంది పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టి ఉన్నాడు. బావగారు రాశారంటే ఆయన దృష్టిలో ఇక దానికి తిరుగులేదు. పెట్టిన టీవీ తీయించాడు, సైన్సు మేడమ్ చేత వార్త పైకి చదివించాడు, రెండు నిమిషాలు మౌనం పాటింపజేశాడు. ఒక చిన్నపిల్ల లేచి, "సార్, పడ్డప్పుడు దానికి దెబ్బ తగిలిందా?" అని అడిగేసరికి ఆయన కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఆ సంతాప సభ ఫొటోను, 'మీ పత్రిక వార్త విని చలించిపోయాం' అన్న ముక్కతో సహా, నేరుగా ఎడిటర్‌కే పంపాడు.

పదిన్నరకు ఎడిటర్ ఆ ఫొటో చూసి అదిరిపడ్డాడు. బడిపిల్లలకు తెలిసిన వార్త తన పత్రికలో ఇంకా రాలేదు. ఖగోళం కుర్చీలో లేడు, టీ తెచ్చుకోవడానికి కింద క్యాంటీన్‌కు వెళ్ళాడు. ఎడిటర్ ఆగలేదు. కంప్యూటర్‌లో 'కూలింది' అన్న వార్త కనిపించింది. ఖాళీలో 'ఈ ఉదయం' అని పూరించి, పత్రిక వెబ్‌సైట్‌లో పెట్టేశాడు.

ఖగోళం టీ కప్పుతో వచ్చి తెర చూశాడు. ఒక పక్క నౌక చంద్రుడి చుట్టూ నిక్షేపంగా తిరుగుతోంది. పక్కనే తన పేరుతో దాని చావు కబురు.

"సార్! ఇది ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టాను. అన్నీ నేనే చూసుకోవాలా?"

"అది ఇంకా పైనే ఉంది సార్!"

"మరి పిల్లలెందుకు ఏడుస్తున్నారు?"

ఎడిటర్ చూపించిన ఫొటోలో బావమరిదిని గుర్తుపట్టి ఖగోళం ఆ హెడ్మాస్టరుకు ఫోన్ చేశాడు. "బావగారూ, నౌక కూలిందని మీకెవరు చెప్పారు?"

"మీరే కదండీ! ఎంత బాగా రాశారు. మేడమ్ చేత మళ్ళీ చదివిస్తున్నాం."

ఈలోగా మరో నాలుగు వెబ్‌సైట్లు అదే వార్త ఎత్తుకున్నాయి. ఖగోళం చేతులు జోడించాడు. "తీసేద్దాం సార్."

"తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టే." ఎడిటర్ గొంతు తగ్గించాడు. "ఇవి కూలుతూనే ఉంటాయని మీరే రాస్తుంటారుగా?"

"సగానికి సగం కూలతాయి సార్."

"అది చాలు. కూలిందా, లోకంలో అందరికంటే ముందు మనం. దిగిందా, గృహాలంకరణ."

ఆ అరగంట ఖగోళం పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. తొమ్మిదేళ్ళ పేజీ బతకాలంటే ఆ నౌక చావాలి. ఒక్కసారి, ఒక్కసారే, 'కూలితే కూలనీ' అనుకుందామని చూశాడు. మనసు రాలేదు. తెర మీద అంకెలు దిగుతున్నాయి. రెండు కిలోమీటర్లు. ఒకటి. ఎడిటర్ కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకుంటున్నాడు. నూరు మీటర్ల దగ్గర ఖగోళానికి పేజీ మాటే గుర్తు లేదు.

"మెల్లగా తల్లీ, మెల్లగా! అంతే, అంతే!" అని పైకే అనేశాడు.

నౌక దిగింది. ఖగోళం కుర్చీ ఎక్కి గంతులేశాడు, దిగి ఎడిటర్‌ను కావలించుకున్నాడు. "నేను రాసిందంతా అబద్ధం సార్! ఒక్క ముక్క కూడా నిజం కాదు!" అని ఏడుస్తూ నవ్వుతూ ఆఫీసు అదిరేలా అరిచాడు. ఎవరో ఆ దృశ్యం ఫోనులో పట్టారు.

ఎడిటర్ అతని చేతుల్లోంచి విడిపించుకుని చొక్కా సర్దుకున్నాడు. "రేపటి నుంచి కర్టెన్ల గురించి చదువుకోండి" అన్నాడు.

ఖగోళం కూర్చుని సవరణ రాశాడు. "ఈ ఉదయం మా పత్రికలో కూలిపోయిన నౌక, పదకొండు ఇరవైకి చంద్రుడి మీద క్షేమంగా దిగింది. ఆ వార్తలో నిజమైనవి రాసినవాడి కన్నీళ్ళు మాత్రమే." దాని కింద ఎవరో ఆ గంతుల వీడియో కూడా తగిలించారు. సాయంత్రానికి ఊళ్ళో దాన్ని చూడనివాళ్ళు లేరు. తన వార్త తప్పయినందుకు ఇంత సంబరపడ్డ విలేకరిని జన్మలో చూడలేదని పాఠకుల సందేశాలు వచ్చిపడ్డాయి. ఆరింటికి యజమాని స్వయంగా ఫోన్ చేసి, ఆ పేజీని రెండు పేజీలు చేయమన్నాడు.

ఎడిటర్ నెమ్మదిగా ఖగోళం బల్ల దగ్గరికి వచ్చాడు. "వచ్చే నెల తోకచుక్క వస్తోందట. దాని మీద కూడా ఒక ఏడుపు వార్త రాసి ఉంచండి."

"తోకచుక్క కూలదు సార్. వచ్చి వెళ్ళిపోతుంది."

"వెళ్ళిపోతున్నందుకు ఏడవండి" అన్నాడు ఎడిటర్.