లోయ పక్క సీట్లు

ఉదయం ఏడున్నరకి బొగ్గింజను బండి ఎక్కడం, నాలుగు గంటలు లోయ చూస్తూ కొండెక్కడం, పైనున్న ఆఖరి స్టేషన్లో దిగి భోజనం చేయడం. ఆ రోజు కార్యక్రమం ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందో రిటైరైన సర్వేయరుకి కనిపించలేదు. ఆయన భార్యకి కనిపించింది.

"ఏమండీ, ఈ ఒక్క పూటా ఎవరితోనూ పేచీ పెట్టుకోకుండా నా పక్కన కూర్చోండి. మోకాలి ఆపరేషనయ్యాక నేను గడప దాటడం ఇదే మొదలు. నాకింకేం వద్దు" అంది.

"నేనెప్పుడైనా పేచీ పెట్టానా?" అన్నాడాయన, టాక్సీ డ్రైవరుతో పడుతున్న పేచీ మధ్యలోంచి తల ఇటు తిప్పి.

పెట్టెలోకి ఎక్కీ ఎక్కగానే ఆయన ముక్కుపుటాలు అదిరాయి. సీట్లు కుడివైపున ఉన్నాయి. టిక్కెట్లు తీసింది బావమరిది.

"మీ తమ్ముడికి కుడికీ ఎడమకీ తేడా తెలీదా? లోయ ఎడమవైపునని వాడికి ముమ్మారు చెప్పాను!"

ఆ మాట ఆయన గాల్లోంచి తీసి అన్నది కాదు. వారం రోజులు మ్యాపు ముందేసుకుని, పట్టాల గీత మీద పెన్సిలు నడిపించి తేల్చిన సంగతి. ఆ మ్యాపుకి రెండు షీట్లు. రెండోది ఆఫీసు బీరువాలో ఎప్పుడో చెదలు తినేశాయి. అదే కొండ, అదే బండి, రెండో షీటులో మాత్రం కొత్తగా ఏముంటుందిలే అని ఆయన దాని జోలికి పోలేదు.

ఎడమవైపు సీట్లలో ఇద్దరు ముసలి అక్కాచెల్లెళ్ళు కూర్చుని ఉన్నారు. అక్క ఒకప్పుడు ఆసుపత్రిలో నర్సు. చెల్లెలికి చెవుడు. సర్వేయరు వాళ్ళ ముందుకెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా, మా ఆవిడకి మోకాలి ఆపరేషనయింది. కాలు ఎడమవైపుకి చాపుకుంటే గానీ కుదరదు. మీరు కాస్త ఇటు మారితే..."

భార్య సిగ్గుతో చచ్చిపోయింది. నర్సమ్మ ఆ మోకాలి వైపు ఒకసారి, సర్వేయరు మొహం వైపు ఒకసారి చూసి, తను లేచి చెల్లెల్ని కూడా లేపింది.

అరగంట పాటు అంతా ఆయన చెప్పినట్టే జరిగింది. ఇంజను పొగలు కక్కుతూ కొండెక్కుతుంటే ఎడమవైపున లోయ విచ్చుకుంది. "చూశావా!" అన్నాడాయన, లోయని తనే తవ్వించినంత గర్వంగా. అంతలో సొరంగం వచ్చింది. బండి కొండ కడుపులో మెలిక తిరిగి అవతల తేలేసరికి ఎడమవైపు కిటికీకి జానెడు దూరంలో నాచుపట్టిన బండ. కుడివైపు నుంచి "అబ్బ, ఎంత బావుందో!" అని కేకలు.

సర్వేయరు ఒంటికాలి మీద లేచాడు. "ఇదేం అన్యాయం! లోయ అటు ఎలా పోతుంది?"

"పోనిద్దురూ, మళ్ళీ ఇటే వస్తుందేమో" అంది భార్య.

"రావడానికి అదేమైనా చుట్టమా?" అని ఆయన మళ్ళీ అక్కాచెల్లెళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

"ఏం బాబూ, మోకాలు ఇప్పుడు కుడివైపుకి చాపాలా?" అంది నర్సమ్మ. పెట్టె అంతా నవ్వింది. అయినా పుణ్యాత్మురాలు, లేచింది. నలుగురూ సర్దుకుని కూర్చునేసరికి రెండో సొరంగం. బయటపడేసరికి లోయ మళ్ళీ ఎడమవైపున, అక్కాచెల్లెళ్ళ కిటికీలో.

ఇక సర్వేయరుకి ఒళ్ళు తెలియలేదు. పెట్టె మధ్యలో నిలబడి చెయ్యి చాపి అరిచాడు. "చూడండి, చూడండి! లోయ ఇటు పోతోంది!"

కునుకు తీస్తున్న చెల్లెలు ఉలిక్కిపడి లేచింది. "అక్కోయ్! బండి లోయలోకి పోతోందిటే!"

అంతే. ఒకావిడ కెవ్వుమంది. ఒకాయన చెప్పులు వదిలేసి తలుపు వైపు పరిగెత్తాడు. ఇంకెవరో చైను లాగేశారు. బండి పెద్ద నిట్టూర్పు విడిచి, సరిగ్గా నిటారు ఎత్తు మీద ఆగిపోయింది.

ఒళ్ళంతా బొగ్గుమసితో ఇంజను డ్రైవరు కిందికి దిగాడు. "ఎత్తు మీద ఆపితే చక్రాలు జారతాయండీ! పట్టాల మీద ఇసక చల్లాలి, మళ్ళీ ఆవిరి పట్టాలి. ముప్పావుగంట! ఎవరండీ ఆ మహానుభావుడు?"

పెట్టెలోని వేళ్ళన్నీ ఒక్కవైపే తిరిగాయి. గార్డు వచ్చాడు.

"చైను నేను లాగలేదు" అన్నాడు సర్వేయరు. "అసలు నేనే మిమ్మల్ని అడగాలి. డబ్బిచ్చి ఎక్కిన మనిషికి లోయ ఏ సొరంగం తరవాత ఏ పక్కన ఉంటుందో చెప్పే దిక్కు లేదా? ఇది రైలా, గారడీనా?"

ఆ మాటకి పెట్టెలో గాలి మళ్ళింది. "ఆయన చెప్పిందీ నిజమే" అన్నారు ఇద్దరు ముగ్గురు. చెప్పులు పోయినాయన మరీ గట్టిగా అన్నాడు.

గార్డు తల గోక్కున్నాడు. "చెప్పడానికి గైడుండేవాడండీ. గొంతు పోయి సెలవులో ఉన్నాడు. మీ గొంతు బాగానే ఉన్నట్టుంది." చొక్కా జేబులోంచి దారి పటం తీసి ఆయన చేతిలో పెట్టాడు. "మీరే చెప్పండి."

పెట్టె చప్పట్లు కొట్టింది. వెనక్కి తగ్గడానికి సర్వేయరుకి మొహం చెల్లలేదు. అదీగాక పటంలో రెండో షీటు భాగం కూడా ఉంది.

పని ఒప్పుకున్నాక ఆయన దాన్ని పనిలాగే చేశాడు. తలుపుకి వీపు ఆనించి, అందరికీ ఎదురుగా నిలబడ్డాడు. "మూడో సొరంగం! తరవాత లోయ కుడి! ఎడమవైపు వాళ్ళు లేవండి, కుడివైపు వాళ్ళు చోటివ్వండి! తొయ్యకండి, మీరు పెద్దవారు, మీకు చెప్పాలా?" మొత్తం పదకొండు సొరంగాలు. ఎవరైనా ఒక సొరంగం ఆలస్యంగా మారితే ఆయనకి పట్టరాని కోపం వచ్చింది. జలపాతం దగ్గర పెట్టె అంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ఎనిమిదో సొరంగం తరవాత లోయ ఎటో పటంలో వెతుకుతున్న ఆయన తలెత్తి చూసేసరికి ఆ సొరంగమే వచ్చింది.

ఆయన భార్య ఎటు లోయ ఉంటే అటు కిటికీ పక్కన, నర్సమ్మ భుజం ఆసరాతో, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా అంతా చూసింది. ఒకసారి "ఇలా వచ్చి కూర్చోండీ" అని పిలిచింది కూడా. "డ్యూటీలో ఉన్నా!" అన్నాడాయన.

కొండ మీద స్టేషను మాస్టరు ఎదురొచ్చి, దిగుతున్న ప్రతివాళ్ళనీ పలకరిస్తూ సర్వేయరు దగ్గర ఆగాడు. "ఎలా ఉందండీ మా లోయ?"

సర్వేయరు పటం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేను చెప్పిన వైపే ఉంది."