అంతరిక్షంలో చావు, అశోక్‌నగర్‌లో పరామర్శ

ఆ ఆదివారం సుబ్బలక్ష్మి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే భర్తకు అల్లం పచ్చడితో పెసరట్టు పెట్టాలి. ఆయన కడుపు నిండి కుర్చీలో వెనక్కి వాలగానే టీవీలో 'శూన్యంలో ఊరు' సీరియల్ పెట్టాలి. అందులో డాక్టర్ కిరీటి, మొక్కల శాస్త్రవేత్త నకుల్ ఒకే గదిలో కాపురం మొదలుపెట్టగానే, "చూశారా, ఎంత ముచ్చటగా ఉన్నారో! మన అవినాష్ కూడా అలాంటివాడేనండీ," అని మెల్లగా చెప్పెయ్యాలి. మధ్యాహ్నం అవినాష్ హిమాయత్‌నగర్ నుంచి సుధీంద్రను భోజనానికి తీసుకొస్తాడు. ఈలోగా ఆయన అరిచేదేదో అరిచి చల్లబడతాడు.

అవినాష్ ఈ సంగతి తల్లికి చెప్పి ఏడాది దాటింది. "నాన్నకి మాత్రం చెప్పకమ్మా, తట్టుకోలేరు," అని ఒట్టు కూడా వేయించుకున్నాడు. విశ్వేశ్వరరావు కూరలో ఉప్పు తగ్గితేనే తట్టుకోలేని మనిషి కాబట్టి ఆమె కూడా ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకుంది. కానీ కొడుకు ప్రతి పండక్కీ సుధీంద్రను "ఫ్రెండ్" అంటూ తీసుకురావడం, ఆ అబ్బాయి బంధువుల మధ్య కుర్చీ అంచు మీద కూర్చోవడం చూడలేక, ఒట్టు తీసి గట్టున పెట్టాలని నిశ్చయించుకుంది.

నిజానికి ఆమెకు రాకెట్ల మీద సరదా ఏమీ లేదు. ఒక ఊరు ఊరంతా ఓడెక్కి ఆకాశంలో ఎందుకు తిరుగుతోందో ఆమెకు ఇప్పటికీ అర్థం కాలేదు. కిరీటి, నకుల్‌ల కోసమే చూస్తోంది. అంతకుముందు చంద్రుడి మీద ఆస్పత్రి సీరియల్లో ఇద్దరు నర్సమ్మాయిలు ప్రేమించుకుంటే, ఉంగరాలు మార్చుకున్న సాయంత్రమే ఒకత్తిని చంపేశారు. కాలంలో వెనక్కి వెళ్ళే ఇంకో సీరియల్లో ఇద్దరబ్బాయిల్లో ఒకణ్ణి ప్లేగు రోజుల్లోకి పంపి వదిలేశారు. ఈ సీరియల్ వాళ్ళు మాత్రం మర్యాదస్తుల్లా కనిపించారు.

టీవీ పెట్టగానే ఒక వింత జరిగింది. సీరియళ్ళంటే గిట్టని విశ్వేశ్వరరావు పేపరు మడిచి పక్కన పెట్టి, తనే సౌండు పెంచాడు.

"సుబ్బులూ, నీకో మాట చెప్పాలి," అన్నాడు గొంతు సవరించుకుని.

"నేనూ మీకో మాట చెప్పాలండీ," అంది సుబ్బలక్ష్మి. "ముందు ఇది చూడండి."

తెర మీద నకుల్ తులసి మొక్కను కుండీలో నాటి కిరీటి చెయ్యి పట్టుకున్నాడు. "ఇక ఇదే మన ఇల్లు," అన్నాడు. అంతే. అంతవరకూ ఏ ఎపిసోడ్లోనూ కనబడని గొట్టం ఒకటి గోడలోంచి పేలింది. నకుల్ కుప్పకూలాడు. కిరీటి డాక్టరై ఉండి కనీసం నాడి చూడలేదు. వెనక వయొలిన్ వాయిస్తుంటే వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. నకుల్ ఒకసారి నవ్వి ప్రాణం వదిలాడు.

"చంపేశారు!" అని సుబ్బలక్ష్మి ఒక్క కేక పెట్టింది. "దిక్కుమాలిన వెధవలు! ఆ విలన్ని మూడుసార్లు బతికించారే! రోబోకుక్క ముక్కలైతే రాత్రికి రాత్రి అతికించారే! వీడొక్కడికే మందు దొరకలేదా?"

విశ్వేశ్వరరావు మొహం జేవురించింది. మాట్లాడకుండా లేచి, చొక్కా తొడుక్కుని, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

సుబ్బలక్ష్మి నిర్ఘాంతపోయింది. ఇద్దరు మగాళ్ళు చెయ్యి పట్టుకుంటేనే చూడలేక లేచిపోయిన మనిషి, రేపు కొడుకుని ఇంట్లోకి రానిస్తాడా? ఒక పక్క నకుల్ శవం, మరో పక్క ఖాళీ కుర్చీ. ఆమెకు దుఃఖం ఆగలేదు.

సరిగ్గా అప్పుడే గిన్నెలు తోమడానికి కురుమమ్మ వచ్చింది. "ఏమైందమ్మా? గట్ల ఏడుస్తున్నవేంది?"

"పోయాడే కురుమమ్మా! నా కళ్ళముందే పోయాడు. ఇప్పటిదాకా నవ్వుతూనే ఉన్నాడు."

కురుమమ్మ ఖాళీ కుర్చీ వైపు చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "సారు ఏడమ్మా?"

"వెళ్ళిపోయారు! ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్ళిపోయారు!"

"అయ్యో దేవుడా! పొద్దుగాల పాలు తెస్తుంటే సూస్తిని గదా!" అని కురుమమ్మ వచ్చిన దారినే పరుగెత్తింది.

సుబ్బలక్ష్మి అది గమనించే స్థితిలో లేదు. ఏడుపు కాస్తా కోపంగా మారింది. ఫోన్ తీసుకుని, సిగ్నల్ సరిగ్గా అందేది వెనక బాల్కనీలోనే కాబట్టి అక్కడికి వెళ్ళి, తలుపు వేసుకుని, ఛానల్ వాళ్ళ నంబరు నొక్కింది. అవతల ఎవరో అమ్మాయి "మీ అభిప్రాయం మాకు విలువైనది" అంటూ మొదలుపెట్టింది.

"నా అభిప్రాయం సంగతి తర్వాత. చంపిందెవరో నాకు పేరు కావాలి!" అని అరిచింది సుబ్బలక్ష్మి. "డాక్టరు పక్కనే ఉన్నాడమ్మా! పక్కనే ఉండి చెయ్యి కూడా వెయ్యలేదు! మిమ్మల్ని ఊరికే వదిలిపెట్టను!"

పై అంతస్తు బాల్కనీలో తువ్వాలు ఆరేస్తున్న అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు సూర్యనారాయణమూర్తికి ఈ మాటలు స్పష్టంగా వినిపించాయి. కురుమమ్మ మోసుకొచ్చిన కబురు అప్పటికే అందింది. రెండూ కలిపితే ఆయనకు లెక్క తేలింది. విశ్వేశ్వరరావు ఆస్పత్రి వాళ్ళ నిర్లక్ష్యానికి బలైపోయాడు.

మూర్తి గారు పనిమంతుడు. వినాయక చవితి నాడు తీసిన విశ్వేశ్వరరావు ఫోటోకి దీపం బొమ్మ జోడించి, "మన ఆత్మీయుడు ఇక లేరు" అని వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాడు. చిక్కడపల్లి నుంచి బంతిపూల దండ తెప్పించాడు. నారాయణగూడలో ఐస్‌బాక్సు మాట్లాడాడు. చివరికి అవినాష్‌కు ఫోన్ చేసి, "బాబూ, ధైర్యంగా ఉండు, వెంటనే బయల్దేరు," అని పెట్టేశాడు.

సుబ్బలక్ష్మి ఛానల్ వాళ్ళ చేత అక్కడికీ ఇక్కడికీ ఫోన్ మార్పించుకుంటూ, ప్రతి గొంతుకీ మొదటినుంచీ కథ చెప్పుకుంటూ గంటకు పైగా బాల్కనీలోనే ఉండిపోయింది. ఆఖరికి లైను తెగిపోయాక విసుగ్గా తలుపు తెరిచింది.

హాలు నిండా జనం. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆమె ఉదయం తుడిచిన నేల మీద పెద్ద ఐస్‌బాక్సు ఉంది. మూర్తి గారు దండ పట్టుకుని, అది ఎవరికి వెయ్యాలో తెలియక పడకగది వైపు చూస్తున్నాడు.

"ఏవిటిదంతా?" అని ఆమె అడిగేలోపే అవినాష్ వచ్చిపడ్డాడు. "నాన్నా!" అంటూ ఖాళీ ఐస్‌బాక్సు ముందు కూలబడ్డాడు. వెనకే వచ్చిన సుధీంద్ర నేల మీద కూర్చుని, వాడి తలను గుండెలకు హత్తుకుని, "నేనున్నాను కదరా, నేనున్నాను," అంటూ నుదుటి మీద ముద్దుపెట్టి తనూ ఏడ్చేశాడు.

ఆడవాళ్ళు నోటికి అడ్డం పెట్టుకున్న కొంగులు దించారు. ఇద్దరు పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇన్ని చెప్పులేవిటి? ఎవరు పోయారు?" అన్నాడు గుమ్మంలోంచి విశ్వేశ్వరరావు.

ఒకావిడ కెవ్వుమంది. మూర్తి గారి చేతిలో దండ జారింది. అవినాష్ ఎగిరి తండ్రిని వాటేసుకున్నాడు.

"మీరు వెళ్ళిపోయారని సుబ్బలక్ష్మి గారే చెప్పారటండీ," అన్నాడు మూర్తి.

"వెళ్ళాను. నారాయణగూడలో చీరల కొట్టు పైన ఆ ఛానల్ ఆఫీసుకి వెళ్ళాను," అన్నాడు విశ్వేశ్వరరావు, కోపం ఇంకా దిగనట్టు. "ఆ కథ రాసేవాడే దొరికాడు. ఆ ఇద్దర్నీ బతకనిస్తే నీ సొమ్మేం పోయిందయ్యా అంటే, 'అలాంటివాళ్ళు సుఖంగా ఉంటే ప్రేక్షకులు ఒప్పుకోరు అంకుల్' అన్నాడు. నేనెవర్నిరా మరి? ప్రేక్షకుణ్ణి కానూ? నేను ఒప్పుకున్నాను కదా! మా ఆవిణ్ణి ఒప్పించడానికి ఇన్ని వారాలుగా ఆ ఎపిసోడ్ కోసం కాచుకుని ఉంటే, తీరా వేళకి చంపి పారేశారు!"

"నన్ను ఒప్పించడానికా?" అంది సుబ్బలక్ష్మి. "దేనికి?"

విశ్వేశ్వరరావు నాలుక కరుచుకుని కొడుకు వైపు చూశాడు. అవినాష్ నేల చూపులు చూశాడు.

"వీడే ఒట్టు వేయించుకున్నాడు," అన్నాడాయన నీళ్ళు నములుతూ. "అమ్మకి చెప్పకు నాన్నా, తట్టుకోలేదు అని."

"నేను తట్టుకోలేనా?" సుబ్బలక్ష్మి కొడుకు మీదికి తిరిగింది. "ఇన్నేళ్ళుగా ఈయన్ని తట్టుకోవడం లేదట్రా? ఒకే కబురు ఇద్దరికీ విడివిడిగా చెప్పి, మమ్మల్ని ఒకే ఇంట్లో దొంగల్లా తిప్పుతావా?"

"ఇంతకీ ఆ అబ్బాయి..." అని నసిగాడు మూర్తి, సుధీంద్రను చూపిస్తూ. సుధీంద్ర అలవాటుగా పక్కకు జరగబోయాడు.

విశ్వేశ్వరరావు అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. "మావాడి మనిషండీ," అన్నాడు. "భోజనానికి పిలిచాం."

ఇద్దరు ముగ్గురు మంచినీళ్ళయినా తాగకుండా చెప్పులు వెతుక్కున్నారు. ఉన్నవాళ్ళ మధ్యలోంచి కురుమమ్మ ముందుకొచ్చి, "ఇంకెందుకు నిలవడ్డరు? ఆ డబ్బా తీయుండ్రి. పిలగాండ్లు ఉరికొచ్చిన్రు, బువ్వ తిననీయుండ్రి," అంది.

డబ్బా కిందికి దిగింది, అరిటాకులు పడ్డాయి. సుధీంద్ర ఆరోజు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. సుబ్బలక్ష్మి మాత్రం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆ రచయితను తిడుతూనే ఉంది. పప్పు గిన్నె పట్టుకుని భర్త కూడా శ్రుతి కలిపాడు.

మూర్తి గారు వాట్సాప్ సందేశం పంపడం ఒక్కటే నేర్చుకున్నాడు, వెనక్కి తీసుకోవడం నేర్చుకోలేదు. నల్లకుంట నుంచీ కాచిగూడ నుంచీ వారం పొడుగునా జనం పరామర్శకు వస్తూనే ఉన్నారు. ప్రతిసారీ తలుపు విశ్వేశ్వరరావే తీశాడు.