జవ్వాజి ఎర్రబండి, పరాయి వాసన

ఒక పెద్ద అడవిలో, మొన్నటి ఆశ్లేష కార్తెలో, జవ్వాజి అనే పునుగుపిల్లికి ఘోరమైన అన్యాయం జరిగింది. చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళందరికంటే ఎక్కువ కష్టపడి చేసింది మాత్రం జవ్వాజే.

జవ్వాజిది ఈ అడవి కాదు, సముద్రం అవతలి అడవి. ఓ కలపదుంగ మీద కొట్టుకొచ్చి, ఏటేటా ‘వలసజీవి’ అని ముద్ర వేయించుకుంటూ ఇక్కడే బతుకుతోంది. ఇప్పపూలు, బెల్లం దంచి లడ్డూలు చుట్టి, గురువారం వాగు అవతల సంతలో అమ్ముతుంది. బడి మొహం చూడలేదు గానీ, పొట్లం కట్టిన కాగితం దగ్గర్నుంచి అటవీ శాసనాల దాకా దొరికిందల్లా చదివింది. అతిగా చదివితే రెండు జబ్బులు వస్తాయి. ఒకటి కళ్ళకి, రెండోది నోటికి. జవ్వాజికి కళ్ళు బాగానే ఉన్నాయి.

కాలినడకన సంతకి చేరేసరికి పొద్దు నెత్తికెక్కేది. లడ్డూలు పులిసేవి. పులిసిన ఇప్పపూలకీ బేరాలుంటాయి గానీ, ఆ బేరగాళ్ళు తూలుతూ వస్తారు, డబ్బులివ్వకుండా తూలుతూ పోతారు. అందుకని రెండు వేసవులు నోరు కట్టుకుని (తిండి విషయంలోనే లెండి), అడవి వదిలి పోతున్న ఓ కొంగ దగ్గర ఎర్ర మోటారుసైకిలు కొనుక్కుంది. ఇక దానికి నంబరు కావాలి. నంబరు లేని బండి కనబడితే తుక్కులో వేసేస్తారు.

రవాణా కచేరీ కిటికీలో ఉడుము గుమాస్తా కూర్చుని ఉంది.

“నివాస వాసన ఉందామ్మా?”

అది ఆ అడవి ఆనవాయితీ. ప్రతి జంతువూ ఇంటి ముందు చెట్టుకి ఒళ్ళు రుద్ది వాసన పెడుతుంది. తనిఖీ అధికారి ఎలుగుబంటి దొర వచ్చి, ముక్కు ఆనించి ‘ఉంది’ అంటే ఆ జంతువు ఉన్నట్టు. బండ్లకీ అదే పద్ధతి. సీటు మీద ఎవరి వాసన ఉంటే బండి వాళ్ళది.

“నేను వలసజీవిని. మేం దేనికైనా వాసన పెడితే ఆక్రమణ అని అడవి దాటిస్తారు. మీ శాసనమే కదా,” అంది జవ్వాజి.

“అవునమ్మా. పెట్టకూడదు.”

“పెట్టకపోతే?”

“నంబరు రాదు.”

“మరి ఇన్నేళ్ళుగా నేనెక్కడున్నట్టు?”

“మీరున్నారమ్మా, ఎవరు కాదన్నారు? ఎక్కడున్నారో మాకు తెలీదు, అంతే. పక్క కిటికీలో వలసల విభాగం ఉంది, అడిగి చూడండి.”

జవ్వాజి పక్క కిటికీకి నడిచింది. లోపల ఉడుము కూడా అటే పాక్కుంటూ వచ్చి, కండువా మార్చుకుని కూర్చుంది.

“ఏం కావాలమ్మా?”

“ఆ కిటికీ వాళ్ళు పంపారు.”

“వాళ్ళకేం, ఎవర్ని పడితే వాళ్ళని ఇటు తోలేస్తారు. ముందు బండి నంబరు తీసుకురండి, నివాసం సంగతి చూస్తాం.”

జవ్వాజి ఊరుకుంటుందా? శాసనాలు వరసపెట్టి అప్పజెప్పి ఉడుము ఏడు తరాలనీ కడిగి ఆరేసింది. వెనక నిలబడ్డ కుందేళ్ళు మురిసిపోయి చప్పట్లు కొట్టాయి. ఉడుము మధ్యలో భోజనానికి లేచిపోయింది. కుందేళ్ళ చప్పట్లకి ఏ అడవిలోనూ నంబరు రాదు.

బయట మెట్ల మీద కొండముచ్చు దళారి పేలు చూసుకుంటోంది.

“అక్కా, ఓ అత్తం అరటిపళ్ళు ఇలా పడెయ్యి. సాయంత్రానికి నంబరు నీ చేతిలో ఉంటుంది.”

“లంచమా? నన్ను చూస్తే అలా కనిపిస్తున్నానా?”

“నిన్ను చూస్తే రేపు కూడా ఇక్కడే కనిపిస్తావనిపిస్తోంది.”

“నాకు తెలివుంది. నా దారి నేను చూసుకుంటాను.”

ఆ దారేమిటో అక్కడే చెప్పేసింది. పొరుగున వరాలు అనే అడవిపంది ఉంది. మంచివాడు. బండి సీటు మీద అతని వాసన పెట్టించి, అతని పేర నంబరు తెచ్చుకుని, తను నడుపుకుంటుంది. శాసనంలో దీన్ని కాదన్న ముక్క ఎక్కడా లేదని జవ్వాజి రెండుసార్లు చదివి మరీ చూసుకుంది.

కొండముచ్చు పేలు చూసుకోవడం ఆపింది. “అక్కా, లంచం ఇచ్చావనుకో, అక్కడితో తెగిపోతుంది. మొహమాటం పెట్టుకున్నావనుకో, అది తెగేది కాదు.”

“నీ బేరం పోతోందని నీ బాధ,” అని జవ్వాజి వచ్చేసింది.

వరాలు అడగ్గానే ఒప్పుకున్నాడు. “దానికేం భాగ్యం చెల్లెమ్మా,” అని, అప్పుడే బురదలోంచి లేచి వచ్చి సీటు మీద మనసారా రుద్దుకున్నాడు. ఎలుగుబంటి దొరకి ఏడాది పొడుగునా జలుబే. అయినా వరాలు వాసన జలుబుకి లొంగేది కాదు. దొర ఆమడ దూరం నుంచే “ఉంది, ఉంది” అని నంబరు రాసేశాడు.

ఇక జవ్వాజి బండెక్కి సంతకి పోతుంటే దారిలో నెమళ్ళు తప్పుకునేవి. లడ్డూలు తాజాగా చేరేవి, పొద్దెక్కకుండానే గంప ఖాళీ అయ్యేది. బతుకు గాడిన పడింది. ఒక్కటే ఇబ్బంది. ఆ వాసన.

అడవిలోకెల్లా ఘనమైన సువాసన తనది. తన ఒంటి చుక్క కోసం రాజులు కాచుకునేవారని వాళ్ళమ్మ చెప్పేది. అలాంటిది, వారం వారం పంది బురద మీద కూర్చోవాలా? లడ్డూలు కొనేవాళ్ళు మెల్లగా ముక్కు తిప్పుకుంటున్నారని ఆమెకి అనుమానం పట్టుకుంది. నిజానికి వాళ్ళెవరూ తిప్పుకోలేదు. ఆశ్లేష కార్తెలో ఓ ముసురు పొద్దున, కుంకుడురసంతో సీటు శుభ్రంగా తోమి, ఆరబెట్టి, తన పునుగు చుక్క ఒకటి అద్దింది. హాయిగా ఊపిరి పీల్చుకుంది. శాసనాలన్నీ నోటికొచ్చిన మహాతల్లికి అప్పుడు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

వాగు దగ్గర తనిఖీ. ఏడాదంతా ఉండే జలుబు దొరకి సరిగ్గా ఆ రోజే తగ్గింది.

“ఇది వరాలు వాసన కాదే,” అన్నాడు దొర, సీటు మీద ముక్కు పెట్టి. “ఇదేదో గుబాళిస్తోంది. ఎవరిదమ్మా బండి?”

దొర వెంట వచ్చిన ఉడుము గుమాస్తా, జవ్వాజి చెవిలో కూడా పడేలా గొణిగింది. “దొరా, బండి ఈవిడది అయితే వలసజీవి వాసన పెట్టినట్టు. ఆక్రమణ. ఇవాళే పడవెక్కించాలి. బండి వరాలుది అయితే పరాయి వస్తువు మీద ఏదో మురికి అంటినట్టు. తుడిస్తే పోతుంది.”

మురికి అన్న మాటకి జవ్వాజి గొంతులో పది జవాబులు లేచాయి. మింగింది. పడవెక్కితే ఇల్లూ, సంతా, ఇన్నేళ్ళ బతుకూ అన్నీ పోతాయి.

ఇంతలో కబురు అంది వరాలు రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. “దొరా, నేను అబద్ధం ఆడను. ఆ బండి అచ్చంగా మా చెల్లెమ్మ…”

“అన్నయ్యా, నోరు ముయ్యి.”

“నీ కష్టార్జితం కదమ్మా, రెండు వేసవులు కడుపు మాడ్చుకుని…”

“నాకే బండీ లేదు. నాకసలు నడపడమే రాదు. బండి నీది, నీ పెళ్ళాంది, నీ పిల్లలది. దొరగారూ, రాసుకోండి. మురికి చేసింది నేనే, తప్పయింది.”

వరాలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత త్యాగం తన వంశంలోనే ఎవరూ చూడలేదన్నాడు. వరాలు భార్య పిల్లలందరినీ సీటు మీద ఎక్కించి వాసన మళ్ళీ గట్టిగా పట్టించింది.

ఇప్పుడు సంతకి జవ్వాజి బండి మీదే వెళ్తోంది. వెనక కూర్చుని, గంప ఒళ్ళో పెట్టుకుని. వరాలు కిరాయి వద్దు వద్దన్నాడు గానీ, చెల్లెలు ఇబ్బంది పడకూడదని వదినగారే ఓ ధర ఖాయం చేసింది.

నీతి: లంచం ఇవ్వనివాళ్ళని ఈ అడవిలో ఎవరూ దోచుకోరు, పోను ఆరు, రాను ఆరు, గురువారానికి పన్నెండు లడ్డూలు, అంతే.