టాంకు నోటీసు

ఆ ఉదయం ఇంగ్లీషు మాస్టారి పథకం చిన్నదే. తొమ్మిదో తరగతికి పాఠం చెప్పడం, పెద్ద మేడమ్ కంట పడకుండా తిరగడం, సాయంత్రం తన ఉద్యోగాన్ని పర్మనెంటు చేసే కాగితం మీద ఆవిడ సంతకం పడగానే ఇంటికి పోవడం. మూడేళ్ళుగా తాత్కాలికం మీదే నెట్టుకొస్తున్న మనిషి. భార్య గుమ్మం దాకా వచ్చి, "సంతకం అయ్యేదాకా ఎవరితోనూ పేచీ పెట్టుకోకండి" అంది.

"పాఠం చెప్పడంలో పేచీ ఏముంటుంది?" అన్నారాయన.

ఆ రోజు పాఠం, ఏ రాతనైనా లోతుగా చదవడం. ప్రతి మాటా ఎందుకుందో అడగాలి, రాసినవాళ్ళు ఏం దాచారో వెతకాలి, చివరికి ఇతివృత్తం తేల్చాలి. పుస్తకంలో కవితలన్నీ పిల్లలు అప్పటికే పిప్పి చేసేశారు. అందుకని, "బడిలో కనిపించిన రాత ఏదైనా తెచ్చుకోండి" అన్నారు మాస్టారు. కళ్ళజోడు అమ్మాయి వరండాలో అంటించిన నోటీసు రాసుకొచ్చి చదివింది. 'మంచినీళ్ళ టాంకు శుభ్రం చేయించాము. నేను స్వయంగా పైకెక్కి చూశాను. ఎవరికీ అనుమానం అక్కర్లేదు.' కింద పెద్ద మేడమ్ పేరు.

"అనుమానం ఎవరికొచ్చింది సార్? మాకెవరికీ రాలేదే" అంది ఆ అమ్మాయి.

మాస్టారికి ముచ్చటేసింది. "బాగుంది. ఆధారం చూపించు."

"మేడమ్‌కి మోకాళ్ళ నొప్పులు. మేడ మీద మన క్లాసుకే ఎప్పుడూ రాలేదు. నిచ్చెనెక్కి టాంకులోకి ఎలా చూశారు?"

"అయితే ఇతివృత్తం భయం సార్" అన్నారెవరో వెనక బెంచీ నుంచి.

శభాష్ అంటూ మాస్టారు బోర్డు నిండా 'భయం' అని రాశారు. భార్య మాట ఆయనకు గుర్తుంటే కదా.

మధ్యాహ్నం తొమ్మిదో తరగతి కుళాయి ముట్టలేదు. వాళ్ళని చూసి ఎనిమిదీ, ఏడూ ముట్టలేదు. కిటికీలోంచి బోర్డు మీది మాట చదివి ఆరో తరగతి పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. రెండింటికల్లా తల్లిదండ్రులు గేటు దగ్గర గుమిగూడారు. మాస్టారికి పిలుపొచ్చింది. మూడేళ్ళ ఓపికా గంగలో కలిసిందని ఆయనకు నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి.

"పాఠం చెప్పమంటే నా మీద ఆరా తీయిస్తారా?" అంది మేడమ్. "ఇప్పుడే మూత తీయించి చూపిస్తాను. తర్వాత అందరి ముందూ మీరు క్షమాపణ చెప్పాలి."

అటెండరు నిచ్చెనెక్కి, కాసేపు గుంజి, దిగొచ్చాడు. "మూత కదలట్లేదు మేడమ్. తుప్పు పట్టేసింది. ఏడాదిగా ఎవరూ తీసినట్టు లేదు."

జనం మేడమ్ వైపు చూశారు. "చేశామని చెప్తే నమ్మాను" అని గొణిగిందావిడ. ఒక పిల్ల తండ్రి ముందుకొచ్చి, "చదవడమంటే ఇలా నేర్పాలి. ఈ మాస్టారిని వదులుకోకండి" అన్నాడు. అంతా చప్పట్లు కొట్టారు.

ఇక తప్పక మేడమ్ అక్కడికే కాగితం తెప్పించింది. అడుగున ఒక వాక్యం చేర్చి సంతకం పెట్టింది. మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ తన సంతకమూ గీకేసి ఇంటికి పరుగు తీశారు.

భార్య కాగితం రెండుసార్లు చదివింది. "ఏమండీ, ఈ చివరి వాక్యం చూశారా?"

"సంతకం ఉందా లేదా? అది చాలు" అన్నారాయన.

మర్నాడు తొమ్మిదో తరగతికి మొదటి పీరియడు ఖాళీ. పర్మనెంటు మాస్టారు చీపురు పట్టుకుని టాంకులో ఉన్నారు.