పడిన మంచు మళ్లీ పడుతుందా?

విక్లో కొండల మీద మంచుచరియ విరిగిపడడం ఐర్లండ్ తెలుగువారికి గొప్ప లాభం! నవ్వకండి. తూకం వేసి చూసే చెబుతున్నాను.

హిమాలయాల్లో చరియ పడితే ఎవరికేం ఒరుగుతుంది? మనిషి దొరకడు, కథ చెప్పడానికి ఎవడూ మిగలడు. ఆల్ప్స్‌లో పడితే హెలికాప్టర్లు, కెమెరాలు, అర్థంకాని భాషల్లో పరామర్శలు. అదే మన విక్లో కొండను చూడండి. డబ్లిన్ పక్కనే ఉంటుంది. పొద్దున ఇడ్లీ తిని బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. మధ్యలో చరియ మీద పడినా నడుము దాకానో, ఛాతీ దాకానో కప్పి ఊరుకుంటుంది. చిన్న కొట్టు, చిన్న సరుకు. ఎంత మర్యాదస్తురాలైన ప్రమాదం!

అసలు ఇంత చిన్న కొండకు మనిషిని చంపే తాహతు ఎక్కడిది? ఎవరెస్టు చేయాల్సిన పని గుట్టలు కూడా చేసేస్తే ఇక లోకంలో హోదాకు విలువేముంది?

ఈ సంగతి జనార్దనరావుకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆయన డబ్లిన్ శివారు శాండీఫోర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అక్కడి తెలుగు సంఘానికి కార్యదర్శి. ఇంట్లో ఒకటే చట్టం నడుపుతాడు: తెలుగులో అడిగితేనే పలుకుతాడు.

కూతురు నిఖిల ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు మొత్తం అర్థమవుతుంది గానీ, నోరు తెరిస్తే ఐరిష్ యాసలో ఇంగ్లీషే దొర్లుతుంది. "డాడ్, కెన్ ఐ హావ్ సమ్ జ్యూస్?" అంటే జనార్దనరావు గోడకేసి చూస్తాడు. "నాన్నా, జ్యూస్ కావాలి" అంటే ఫ్రిజ్ తెరుచుకుంటుంది. ఎంత చక్కటి పద్ధతి! భాషకు భాషా నిలుస్తుంది, సగంసార్లు జ్యూసూ మిగులుతుంది.

ఈ శీతాకాలం విక్లోలో మంచు బాగా కురిసింది. గాలి కూడా గట్టిగానే వీచింది. కొండలెక్కేవాళ్ల క్లబ్బు ఒకటి ఇంగ్లీషులో హెచ్చరిక పెట్టింది. గాలి మంచునంతా ఒకవైపు వాలులోకి తోసి కుప్పపోసింది, చిన్న కొండే కదా అనుకోవద్దు, చరియలు విరగొచ్చు, స్కీయింగ్ చేసేవాళ్లు దూరంగా ఉండండి అని.

కార్యదర్శి అన్నాక ఊరుకుంటాడా? సంఘం వాట్సాప్ గ్రూపు కోసం దాన్ని తెలుగు చేశాడు. "మంచుచరియలు" అని రాస్తే మరీ ప్రమాదవార్తలా ఉంటుందనిపించింది. నిండైన మాట కోసం వెతికి పట్టుకున్నాడు.

"సోదరసోదరీమణులారా! విక్లో కొండలపై భారీ హిమపాతానికి అవకాశం కలదు. స్కీయింగ్ చేయువారు గమనించగలరు."

మన పత్రికలు చరియ విరిగినా హిమపాతమే అంటాయి, ఆకాశం నుంచి దూదిపింజల్లా మంచు రాలినా హిమపాతమే అంటాయి. రెండింటికీ ఒకటే సంచి. గ్రూపులో జనం తమకు నచ్చిన సరుకే అందులోంచి తీసుకున్నారు. హృదయాలు, చప్పట్లు, దండాలు. "ఎన్నింటికి కలుద్దాం?" అని ఒకరు. "పులిహోర మాది" అని ఇంకొకరు. "అన్నా, మంచు మీద కూసొని జారే స్లెడ్జిలు ఏడ దొర్కుతయ్?" అని డాక్టర్ తేజేశ్వర్. వద్దని చెప్పడానికి పెట్టిన మెసేజీకి ఉగాది కంటే ఎక్కువ మంది కదిలారు! ఇలాంటి ప్రచారం ఏ వ్యాపారికైనా దొరుకుతుందా?

మరి జనార్దనరావుకైనా తెలియదా అంటారా? ఇంగ్లీషులో చదివినప్పుడు తెలుసు. తెలుగులో రాశాక మాత్రం తను రాసిందే పదిసార్లు చదువుకుని మురిసిపోయాడు. ఆ మురిపెంలో ఇంగ్లీషు ఎటో కొట్టుకుపోయింది.

ఆదివారం కొండ దారి పొడవునా మన కార్లే. వాలు కింద చాపలు పరిచారు, డబ్బాల మూతలు తీశారు. సహోద్యోగి వదిలేసి వెళ్లిన స్కీలు కాళ్లకు కట్టుకుని జనార్దనరావు శిఖరం వైపు అడుగులు వేశాడు. కట్టుకునేటప్పుడే రెండుసార్లు వెల్లకిలా పడ్డాడు. అయినా పైనుంచి జారుతూ వచ్చే వీడియో ఒకటి గ్రూపులో ఉండాలి కదా!

నిఖిల మాత్రం చాప మీద కూర్చోలేదు. బడివాళ్లు ఆస్ట్రియాకు స్కీ ట్రిప్ తీసుకెళ్లినప్పుడు అక్కడి శిక్షకుడు పిల్లలకు ఒక పూటంతా మంచు చదవడం నేర్పాడు. ఆ పిల్ల వాలును పైనుంచి కిందికి చూసింది. అంచు కింద గాలి పేర్చిన మంచు పొట్టలా ఉబ్బి ఉంది. కర్రతో పొడిస్తే లోపల బోలుగా మోగింది. పరుగున వెళ్లి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"డాడ్, డోంట్! దిస్ హోల్ స్లోప్ కుడ్ గో."

"తెలుగులో చెప్పమ్మా."

"ప్లీజ్, ఐయామ్ సీరియస్!"

"సీరియస్‌గానే చెప్పు. తెలుగులో చెప్పు."

పిల్ల మాటల కోసం నోట్లోనే తడుముకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాన్నా... మంచు పడుతుంది."

జనార్దనరావు ముఖం వెలిగిపోయింది. "పడనీ తల్లీ! అందుకేగా వచ్చాం."

"కాదు! పైన మంచు కాదు. ఈ మంచు. ఈ మంచు పడుతుంది."

"ఈ మంచు పడింది అనాలమ్మా. అయిపోయిన పని కదా!"

"పడిన మంచు మళ్లీ పడుతుంది నాన్నా!"

కెమెరా పట్టుకుని నిలబడ్డ తేజేశ్వర్ పడీపడీ నవ్వాడు. "పడ్డ మంచు మళ్ల ఎట్ల పడ్తది బిడ్డా? మీ నాయినంటే మళ్ల మళ్ల పడ్తడు గని! గీ గుట్టకు గంత భయమా?"

కింద చాపల మీదున్న వాళ్లందరూ నవ్వారు. ఎవరో "ఎంత ముద్దుగా మాట్లాడుతోందో" అన్నారు.

పాఠకులారా, మీరే చెప్పండి. మంచుచరియ అంటే ఏమిటో ఇంతకంటే చక్కగా ఏ నిఘంటువైనా చెప్పిందా? పడిన మంచు మళ్లీ పడుతుంది! కానీ వ్యాకరణం మాటేమిటి? కాలం తప్పితే సరిదిద్దడం తండ్రి బాధ్యత కాదా? ప్రాణం ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. భూతకాలం శాశ్వతం!

బాధ్యత తీర్చుకుని జనార్దనరావు పైకెక్కాడు. కిందికి జారుతూ ఒక్క మలుపు తిరిగాడు. తడిసిన గోడ పెచ్చు ఊడినట్టు అతని స్కీల కింద వాలంతా ఒక్కసారిగా పగిలింది.

నిఖిల చాపల వైపు తిరిగి "మూవ్! మూవ్!" అని కేక పెట్టింది. విచిత్రం చూడండి, ఆ మాటను తెలుగులో చెప్పమని ఒక్కరూ అడగలేదు! అందరూ లేచి పక్కకు పరిగెత్తారు. పులిహోర మునిగింది. జనార్దనరావు చంకల దాకా కూరుకుపోయాడు. కదిలిన మంచు ఆగగానే సిమెంటులా బిగుసుకుంది. గుండెలు నొక్కేస్తుంటే మాట పెగలలేదు.

"డోంట్ టాక్, డాడ్. జస్ట్ బ్రీద్," అంటూ పిల్ల డబ్బా మూతతో తవ్వడం మొదలుపెట్టింది. తేజేశ్వర్ కెమెరా పారేసి చేతులతోనే తవ్వాడు. బయటికి లాగాక చూస్తే ఒక మోకాలు వాచింది, అంతే. నేను చెప్పలేదూ, మర్యాదస్తురాలని!

ఇక లాభాలు చూసుకోండి. సంఘం అత్యవసరంగా సమావేశమైంది. హిమపాతమా, హిమసంపాతమా అని రెండు వర్గాలు గొంతులు చించుకున్నాయి. ప్రాణాలతో తిరిగొచ్చినందుకు కార్యదర్శికి శాలువా కప్పారు. నిఖిలను కూడా వేదిక మీదికి పిలిచి, "తెలుగులో రెండు ముక్కలు చెప్పమ్మా" అన్నారు. "నమస్కారం. ధన్యవాదాలు," అంది. హాలు దద్దరిల్లింది.

అన్నిటికంటే పెద్ద లాభం ఇంట్లో వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు ఇంట్లో తెలుగే మాట్లాడుతోంది! "తిన్నాను." "సరే." "వద్దు." "ఏం లేదు." ఒక్క తప్పు లేదు. తప్పు దొర్లడానికి అందులో చోటుంటే కదా! బడిలో ఏం జరిగిందో, ఎవరితో గొడవపడిందో, దేనికి భయపడుతోందో, ఆ తప్పుల సరుకంతా కొట్లోంచి మాయమైంది. అరలు అద్దంలా మెరుస్తున్నాయి. ఇంత శుభ్రంగా ఉండాలంటే కొట్టు ఖాళీగా ఉండాలని జనార్దనరావుకు ఎవరూ చెప్పలేదు, పాపం.

మొన్న మళ్లీ మంచు కురిసింది. మోకాలు నయమైంది. జనార్దనరావు స్కీ బూట్లు బయటికి తీసి, సోఫాలో ఫోను చూసుకుంటున్న కూతుర్ని అడిగాడు.

"నిఖీ, కొండ మీదికి వెళ్లొచ్చంటావా?"

"మీ ఇష్టం."

"మంచు ఎలా ఉందో ఏమైనా తెలిసిందా?"

"తెలియదు."

తెలుగు నిక్షేపంగా ఉంది. జనార్దనరావుకే గుండెల్లో ఎక్కడో బోలుగా మోగింది. పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు. "పోనీ ఇంగ్లీషులోనే చెప్పమ్మా. నీకు ఎలా వస్తే అలా చెప్పు. వెళ్లనా, వద్దా?"

పిల్ల ఫోను మీంచి తల ఎత్తలేదు.

"యూ ఆర్ గ్రాండ్, డాడ్."

ఈ దేశంలో టీ బాగుందన్నా గ్రాండే, టీ వద్దన్నా గ్రాండే. కాలు విరిగినవాణ్ని ఎలా ఉన్నావంటే గ్రాండ్. నన్నిక వదిలేయ్ అనడానికీ గ్రాండే. వెళ్లమందా? వద్దందా?

జనార్దనరావు ఒక బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఇంకోసారి అడగాలి. అడుగుతాడు. కానీ ఏ భాషలో?