తెరవొద్దన్న జాబితా

తొమ్మిదిన్నరకు జాబితా పంపించాలి, పదింటికి మేడమ్ గదిలోకి వెళ్లాలి, పదింబావుకల్లా ఇంకో మూడు నెలల పొడిగింపు కాగితం పట్టుకుని బయటికి రావాలి. ఆ సోమవారం ఉదయం ఆ అమ్మాయి వేసుకున్న పథకం ఇంతే. ఇందులో తేడా రావడానికి ఏమీ లేదని బస్సులో నిలబడి రెండుసార్లు, ఆఫీసు మెట్లెక్కుతూ మరోసారి తనకు తానే చెప్పుకుంది. అన్నిసార్లు చెప్పుకోవలసి వచ్చిందంటేనే లోపల పీకుతోందన్నమాట.

ఆమె పనిచేసేది వరద బాధితులకు సాయం అందించే ఒక అంతర్జాతీయ సంస్థలో. హోదా, సమాచార నిర్వహణ విభాగంలో మేడమ్ కింద ఇంటర్న్. ఏ శిబిరంలో ఎంతమంది ఉన్నారు, వాళ్లకేం కావాలి, అక్కడ ఎవరికి ఫోన్ చేయాలి అన్న వివరాలను ముప్ఫై ఎనిమిది వరుసల పట్టికలో నింపి, ప్రతి సోమవారం రెండు వందల పద్నాలుగు మందికి మెయిల్ చేయాలి. పొద్దస్తమానం ఆ పట్టికలోనే తల దూర్చి కూర్చుంటుందని గోడౌన్ చూసే పెద్దాయన ఆమెను పట్టికమ్మ అని పిలవడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి ఆఫీసంతా అదే పేరు. ఆమె ఉంటున్నది పిన్ని ఇంట్లో. పిన్నికి మాత్రం ఈ ఉద్యోగం ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు. ఇరుగుపొరుగు అడిగితే "మా అక్క కూతురు వరదలు చూసుకుంటుంది" అని చెబుతోంది. వానలు ముదిరినప్పుడల్లా వాళ్లు ఈ అమ్మాయి వంక అదోలా చూస్తున్నారు.

ఉద్యోగానికి ఇచ్చిన మూడు నెలల గడువు శుక్రవారంతో ముగుస్తుంది. అందుకని ఆ పూట జాబితాను కాస్త అందంగా కూడా చేద్దామనుకుంది. శిబిరాల పేర్లు అక్షర క్రమంలో ఉంటే వెతుక్కోవడం తేలికని మేడమ్ పోయినవారం అన్నారు. పేర్ల నిలువు వరుసను ఎంచుకుని, సర్దమని నొక్కింది. పక్క గడులను కూడా కలిపి సర్దాలా అని కంప్యూటర్ అడిగింది. సరిగ్గా అప్పుడే పిన్ని ఫోన్ చేసింది.

"గొడుగు మర్చిపోయి వెళ్లావే. బాబాయిచేత పంపించమంటావా?"

"వద్దు పిన్నీ," అంది అమ్మాయి. నోటితో అన్న మాటే చేత్తోనూ నొక్కేసింది.

తొమ్మిది ముప్ఫై రెండుకు జాబితా వెళ్లిపోయింది. తన చేతి పనిని తానే ఒకసారి చూసుకుని మురిసిపోదామని తెరిచింది. కొండ మీది బడికి రెండు పడవలు కావాలని ఉంది. ప్రసూతి ఆసుపత్రికి మూడు వందల పారలు. రెండు వేల నాలుగు వందల మందితో కిక్కిరిసిన స్టేడియంలో నలభై నలుగురే ఉన్నారట, వాళ్లకు పదకొండు దోమతెరలు చాలట. పేర్లు మాత్రం బుద్ధిగా అక్షర క్రమంలో నిలబడ్డాయి. వాటి ఎదుట ఉండవలసిన అంకెలు ఉన్నచోటే ఉండిపోయి, ఎవరివో ఎవరికో అయ్యాయి.

పన్నెండింటికి లారీలు కదులుతాయి. మేడమ్ గది తలుపు మూసి ఉంది. లోపల ప్రధాన కార్యాలయంతో ఫోన్ నడుస్తోంది. ఇప్పుడు తలుపు కొట్టడమంటే పొడిగింపు కాగితాన్ని తన చేత్తో తానే చింపుకోవడం. మేడమ్ బయటికొచ్చేలోపు ఎవరికీ తెలియకుండా దిద్దేసుకుంటే సరిపోతుంది కదా అనుకుంది. రెండు వందల పద్నాలుగు మందికీ ఇంకో మెయిల్ కొట్టింది: "అత్యవసరం. తొమ్మిది ముప్ఫై రెండుకు పంపిన జాబితాను దయచేసి ఎవరూ తెరవకండి."

నాలుగు నిమిషాల్లో మొదటి జవాబు వచ్చింది, అందరికీ కనబడేలా. "ఎందుకు, ఇందులో ఏముంది?" రెండో జవాబు ఇంకో నిమిషానికి. "శిబిరాలు మూసేసే జాబితా అని విన్నాను. నిజమేనా?" ఆ కాస్త వ్యవధిలో ఎవరి దగ్గర విన్నారో దేవుడికే తెలియాలి. మూడో ఆయన ఇంకేమీ అడగలేదు. "మా వాళ్లకు ఏమని చెప్పమంటారు?" అని మాత్రం రాశాడు. ఆ తర్వాత, మూడు నెలలుగా ఎన్నడూ మోగని ఆమె బల్ల మీది ఫోన్ మోగింది.

"అమ్మా, స్టేడియం నుంచి ఇన్‌ఛార్జిని. మా దగ్గర నలభై నలుగురే ఉండాలని రాశారు. మిగతా జనాన్ని ఎక్కడికి పంపాలో చెబితే పంపేస్తాం. ఇప్పటికే మూటలు కట్టుకుంటున్నారు."

"పంపకండి సార్. ఎవర్నీ ఎక్కడికీ పంపకండి. అది నా పొరపాటు."

"మీ పొరపాటా, పైవాళ్ల నిర్ణయమా?"

"నా పొరపాటే సార్. పట్టిక తప్పుగా సర్దాను."

"పాపం, మీచేత అలా చెప్పిస్తారు లెండి," అన్నాడాయన జాలిగా. "మూటలైతే కట్టి ఉంచుతాం."

తప్పు దిద్దడానికి నిమిషం పట్టలేదు కానీ, దిద్దినదాన్ని కంప్యూటర్‌లో దాచేటప్పుడు పేరు ఏం పెట్టాలో తోచక "చివరి జాబితా కొత్తది" అని పెట్టింది. పాతదాని పేరు "చివరి జాబితా". ఇదే సరైనది, దీన్నే తెరవండి అని రాసి, ఒకటికి రెండుసార్లు చదువుకుని, పాతదాన్నే జతచేసి పంపించింది. అప్పటిదాకా ఎవరికైనా కొద్దో గొప్పో అనుమానం ఉంటే అదీ తీరిపోయింది. స్టేడియానికి నలభై నలుగురే.

పంపిన అరనిమిషానికి ఆ సంగతి గమనించింది. ఈసారి సరైనది పంపినా ఎవరూ నమ్మరన్న సంగతి కూడా అప్పుడే తట్టింది. కాగితం మీద మాట చెల్లనప్పుడు మనిషి వెళ్లి చెప్పాల్సిందే. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని గోడౌన్‌కు పరుగెత్తింది.

గోడౌన్ ఆఫీసు వెనకే. పెద్దాయన తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, కళ్లజోడు ముక్కు చివరికి దించి సెల్‌ఫోన్‌లో జాబితా చదువుకుంటున్నాడు. అందరికీ ఆయన బాబాయే.

"బాబాయ్, ఆ జాబితా ప్రకారం ఏమీ ఎక్కించలేదు కదా?"

"పట్టికమ్మా, అత్యవసరమన్నావని పన్నెండు దాకా ఆగకుండా ఒక లారీ పంపేశాను. పక్క వీధి ఆసుపత్రికి పారలు."

"ప్రసూతి ఆసుపత్రికి మూడొందల పారలేంటని మీకు అనిపించలేదా?"

"ఎందుకనిపించలేదు? పురుళ్లకు పారలెందుకా అని లోడింగ్ వాళ్లతో కలిసి కాసేపు ఆలోచించాం కూడా. ఆఫీసు రాసిందంటే ఏదో ఉండే ఉంటుందిలే అనుకున్నాం."

"రోజూ నా జాబితా చూసే కదా ఎక్కిస్తారు. ఇంత తేడా ఉంటే ఒక్క ఫోన్ చేయొద్దా?"

పెద్దాయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. చెప్పాలా వద్దా అని కాస్త తటపటాయించినట్టున్నాడు.

"అబద్ధమెందుకులే అమ్మా. నీ జాబితా నేను ఏనాడూ తెరవలేదు. నా నోటు పుస్తకం ఉంది, డ్రైవర్లకు నోటి లెక్క ఉంది. ఇవాళ తెరవొద్దన్నావు కదా, ఏముందో అని తెరిచాను."

మూడు నెలలుగా తెల్లారి లేచి, కళ్లు పోయేలా తయారుచేసిన పన్నెండు జాబితాలు ఆమె కళ్ల ముందు వరుసగా కదిలాయి. అక్షర క్రమంలో కూడా లేవు పాపం. బాధపడే తీరిక లేక డ్రైవర్‌కు ఫోన్ కలిపింది.

"ఆసుపత్రి గేటు దగ్గరే ఉన్నానమ్మా. హెడ్ నర్సమ్మ వచ్చి పారలు చూసింది. ఏమీ అనకుండా లోపలికెళ్లింది. ఇంకా రాలేదు."

"దించకండి అన్నా. వెనక్కి వచ్చేయండి."

"ఆవిడ బయటికి రాకముందే వచ్చేస్తా," అన్నాడు డ్రైవర్. ఆ గొంతులో ఆమెకంటే ఎక్కువ కంగారు వినబడింది.

ఊపిరి పీల్చుకుందామనుకునేసరికి చేతిలో ఫోన్ మళ్లీ మోగింది. కొత్త నంబరు. ముసలి గొంతు, మాట్లాడే ముందు ఒకసారి సవరించుకుంది.

"పాత మిల్లు నుంచి వాచ్‌మన్‌నమ్మా. మాకు మూడు నీళ్ల ట్యాంకర్లని రాశారు. ఎన్నింటికొస్తాయో చెబితే మావాళ్లకు బిందెలు కడిగి పెట్టుకోమంటాను."

ఆ మూడు ట్యాంకర్లూ స్టేడియానివి. ఆమె నెమ్మదిగా, ఎదుటి మనిషి నొచ్చుకోకుండా చెప్పాలని చూసింది. "అది తప్పుగా పడిందండీ. అసలు మిల్లు శిబిరం మూసేసి అయిదు వారాలైంది. మా దగ్గర మీ ఎదురుగా సున్నా ఉంది."

"సున్నా అంటే?"

"అక్కడ ఎవరూ లేరని."

అవతల పసిపిల్ల ఏడుపు, ఎవరో దగ్గడం, ఒక గిన్నె కింద పడిన చప్పుడు వినబడ్డాయి.

"మరి నేనెవర్నమ్మా?" అన్నాడు వాచ్‌మన్. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

ఎంతమంది ఉన్నారని ఆమె అడిగితే నూట డెబ్బై దాకా ఉంటారన్నాడు. నాలుగు కుటుంబాలు ఇళ్లకు వెళ్లాయని, మిగతావాళ్లకు వెళ్లడానికి ఇళ్లు లేవని చెప్పాడు. చుట్టుపక్కల వాళ్లు పెడుతుంటే తింటున్నామని, నీళ్లు మాత్రం మిల్లు బావివే, బురద కొడుతున్నాయని అన్నాడు.

"మాకు ఫోన్ చేయలేదా?"

"మీ ఆఫీసుకు రెండుసార్లు చేశానమ్మా. మూసేసిన శిబిరమని చెప్పి పెట్టేశారు. వారం వారం మీ మెయిల్ వస్తుంది కానీ నేను తెరిచేవాణ్ణి కాదు. అందరికీ పంపేదే కదా అని. ఇవాళ తెరవొద్దన్నారుగా."

ఆ తర్వాత ఆమె చేసిన పని గురించి ఆలోచించి ఉంటే చేసి ఉండేది కాదు. నేరుగా వెళ్లి, మూసి ఉన్న తలుపు తీసి, ఫోన్‌లో ఉన్న మేడమ్ ఎదుట నిలబడింది. మేడమ్ చేత్తో ఆగమన్నారు. ఆమె ఆగలేదు. పేర్లు సర్దడం దగ్గర్నుంచి పారల దాకా ఒక్క గుక్కలో చెప్పేసి, చివరికి మిల్లు సంగతి చెప్పింది. మేడమ్ ఫోన్‌ను నెమ్మదిగా బల్ల మీద బోర్లించారు.

"మిల్లు ఖాళీ అయిందని ఎవరు చెప్పారు నీకు?"

"మీరే మేడమ్. మీటింగు నుంచి వచ్చి, ఖాళీ చేశారట, సున్నా వేసెయ్ అన్నారు. నేనూ వేసేశాను. ఫోన్ చేసి కనుక్కోలేదు."

'ఖాళీ చేశారట'లోని ఆ 'ట'ను నింపడానికి పట్టికలో గడి లేదు. అంకెలకు మాత్రమే ఉంది.

మేడమ్ ఆమె వంక చూశారు. మాట పడే ఘడియ వచ్చిందని అమ్మాయి దుపట్టా కొస వేలికి చుట్టుకుంది. మేడమ్ లేచి, కుర్చీ వెనక్కి నెట్టి, "సగం శిబిరాలకు నువ్వు ఫోన్ చెయ్, సగం నాకియ్యి. పేరు దగ్గర్నుంచి అడుగుదాం. లారీని ముందు నీళ్లతో మిల్లుకు పంపమను," అన్నారు.

మధ్యాహ్నమంతా ఫోన్లే. తప్పు జాబితా గురించి క్షమించమని మొదలుపెడితే చాలు, అవతలివాళ్లు అసలు జాబితాలోని తప్పులు ఏకరువు పెట్టసాగారు. కొండ మీది బడివాళ్లు నెల కిందటే ఇంకో భవనానికి మారారు. రేవు శిబిరంలో జనం రెట్టింపయ్యారు. ఇంకో చోట జాబితాలో ఉన్న నంబరుకు ఎవరు చేసినా ఒక దర్జీ ఎత్తి, ఓపిగ్గా సరైన నంబరు చెప్పి పంపిస్తున్నాడు, రెండు నెలలుగా. స్టేడియం ఇన్‌ఛార్జి మాత్రం మూటలు విప్పించనని భీష్మించాడు. మేడమ్ స్వయంగా మాట్లాడాక సగం విప్పించాడు.

నాలుగింటికి డ్రైవర్ మిల్లు నుంచి ఫోన్ చేశాడు. "నూట డెబ్బై మూడు మందమ్మా. నేనే నిలబెట్టి లెక్కపెట్టాను. నీళ్లు దించుతుంటే వాచ్‌మన్ తాత వచ్చి, సున్నా పోయిందా అని అడుగుతున్నాడు."

"పోయిందని చెప్పండి అన్నా." గడిలో నూట డెబ్బై మూడు వేసి, వేసింది నిలిచిందో లేదో అని మళ్లీ చూసుకుంది.

"ఇంకోటమ్మా. వచ్చేసేలోపే ఆ నర్సమ్మ పట్టేసుకుంది. ఆసుపత్రి వాకిట్లో మోకాలి లోతు బురదంట. ఇరవై పారలు ఉంచేసుకుని సంతకం పెట్టింది."

సాయంత్రానికి ముప్ఫై ఎనిమిదింటిలో ఇరవై తొమ్మిది వరుసలు మారాయి. అయిదున్నరకు మేడమ్ పిలిచారు. బల్ల మీద పొడిగింపు కాగితం ఉంది, సంతకం చేసి ఉంది. అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివింది. ఎక్కడో 'కాదు' అన్న మాట దాక్కుని ఉంటుందని ఆమె అనుమానం.

"పొద్దున నేను ఫోన్ పెట్టేయలేదు, బోర్లించానంతే. నువ్వు చెప్పిందంతా ప్రధాన కార్యాలయంవాళ్లు విన్నారు," అన్నారు మేడమ్.

అమ్మాయి పై ప్రాణాలు పైనే పోయాయి.

"సరిగ్గా వినబడలేదనుకో. వాళ్లకు అర్థమైంది ఒక్కటే. వారానికి మూడు జవాబులు కూడా రాని జాబితాకు ఇవాళ ఒక్కరోజే తొంభై ఏడు వచ్చాయని. మిగతా దేశాల ఆఫీసులకు కూడా నేర్పిస్తారట, ఒక పేజీ రాసి పంపమన్నారు. లక్ష్యం, పద్ధతి, ఫలితం. రేపు పొద్దున్నకల్లా."

లక్ష్యం రెండు వాక్యాల్లో తేలిపోయింది, ఫలితం అరపేజీ వచ్చింది. పద్ధతి దగ్గర మాత్రం పట్టికమ్మ 'తెరవొద్దని చెప్పడం' అని రాయడానికి చేయి రాక చాలాసేపు ఆలోచించి, చివరికి 'కూలంకషంగా' అని ఒక్క మాట రాసి వదిలేసింది.